తొమ్మిది రాత్రుల చప్పట్లు



భాద్రపదము సగము గడచినదో లేదో మా వీథి బాలికల సెల్‌ఫోనులు మ్రోగుట మొదలిడినవి. ఏ రాత్రికి ఏ రంగు చీర కట్టవలెను, ఏ రాత్రికి జడలో ఏ పూవు తురుమవలెను, ఏ పాటకు ఏ అడుగు వేయవలెను అని వాట్సాపులో వారు సభ తీర్చిరి. మొదటి రాత్రి పసుపు, రెండవ రాత్రి ఆకుపచ్చ, మూడవ రాత్రి ఎరుపు, ఈ రీతిగా పట్టిక వ్రాసికొని, పట్టిక తప్పినవారు మరునాటి ఉదయము అందరి వాకిళ్లలోను ముగ్గులు పెట్టవలెనని శిక్షయు విధించిరి. ఈ వార్త మా పొరుగింటి అత్తమ్మగారి చెవిని పడినది. ఆమె మా గుమ్మము నొద్దకు వచ్చి, "చూసినవా బిడ్డా! బతుకమ్మను సినిమా చేసిండ్రు. మా కాలంల ఈ రంగుల లెక్కలున్నయా?" అని వాపోయెను.

మేమప్పుడు బదులు చెప్పలేదు. పెద్దవారితో వాదము పెట్టుకొనుట మాకు అలవాటు లేదు. కాని ఆమె మాటయు, బాలికల ఉత్సాహమును మా మనస్సున నాలుగు దినములు పెనగులాడినవి. క్రిందటేడు మా వీథిలో జరిగిన యొక సంగతియు దానితో కలిసి జ్ఞప్తికి వచ్చినది. ఆ సంగతి చెప్పక యీ నెల మాకు మనశ్శాంతి లేదు. దానికి ముందు పండుగను గూర్చి నాలుగు మాటలు.

అత్తమ్మగారి కాలమున రంగుల లెక్క లేదు, నిజమే. కాని రాత్రి కొక పేరు, పేరున కొక నైవేద్యము అను లెక్కను మన ముత్తవ్వలే పెట్టిరి. అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మ. ముందునాడే కోసి నీట నుంచిన పూవులతో పేర్చుదురు గనుక ఆ పేరు వచ్చినదని కొంద రందురు. ఆనాడు నువ్వులును నూకలును నైవేద్యము. రెండవనాడు అటుకులు, మూడవనాడు ముద్దపప్పు, నాలుగవనాడు నానబియ్యము, అయిదవనాడు అట్లు. ఏడవనాడు వేపకాయల బతుకమ్మ; బియ్యపు పిండిని వేపకాయల ఆకృతిగా చేసి నూనెలో వేయింతురు. ఎనిమిదవనాడు నువ్వులును బెల్లమును కలిపిన వెన్నముద్దలు. తొమ్మిదవనాడు, ఆశ్వయుజ శుద్ధాష్టమికి, సద్దుల బతుకమ్మ. ఆనాడు పులిహోర, పెరుగన్నము, కొబ్బరి యన్నము, నువ్వుల యన్నము మొదలగు సద్దులును, రొట్టెను చిదిమి బెల్లము కలిపిన మలీదయు ప్రతి యింటను సిద్ధమగును.

ఆరవనాటి మాట మరచితి మనుకొనుచున్నారా? మరువలేదు. ఆనాడు అలిగిన బతుకమ్మ. ఎన్నడో మాంసపు తునక తగిలినందున అమ్మ అలిగినదని కథ. ఆ రాత్రి పూవులు పేర్చరు, ఆట లేదు, నైవేద్యమును లేదు. విందునకు పిలిచిన యిల్లాలే మధ్యలో అలిగి తలుపు వేసికొనగా, అతిథులందరును "సరే, రేపు వత్తుము" అని నవ్వుకొనుచు పోవు పండుగ లోకమున మరి యెక్కడ నున్నదో మే మెఱుగము. వరుసగా అయిదు రాత్రు లాడిన కాళ్లకు ఒకనాటి విశ్రాంతి కావలెనని యెరిగిన తెలివిగల ముత్తవ్వ యెవతెయో యీ యలుకను కల్పించియుండునని మాకు తోచును. ఆ విశ్రాంతి యొక్క మరియొక ప్రయోజనము మీకు ముందు తెలియగలదు.

కనుక బాలికల రంగుల పట్టిక ఆకాశమునుండి యూడిపడలేదు. నైవేద్యముల పట్టికకు అది మనుమరాలు. దాని యందు మాకు కోపము లేదు.

ఇక ఆట మాట. నడుమ బతుకమ్మలు, చుట్టును స్త్రీలు. ఒకతె పాట చెప్పును. తక్కినవారందరు "ఉయ్యాలో" యనియో, "చందమామ" యనియో, "వలలో" యనియో పల్లవి నందుకొందురు. ఒక అడుగు పక్కకు, ఒక వంగుట, ఒక చప్పట్టు; మరల లేచి మరియొక చప్పట్టు. దీనికి గురువు అక్కరలేదు, గజ్జెలు అక్కరలేదు, రంగస్థలము అక్కరలేదు. పాట రానిదానికి పల్లవి యున్నది. పల్లవి రానిదానికి చప్పట్లున్నవి. చప్పట్లును తప్పినదానికి నవ్వున్నది. చూచువారికి వేరుగా చోటు పెట్టని ఆట యిది. చూడవచ్చిన దానిని కూడ ఎవరో యొకరు చేయి పట్టి లోనికి లాగుదురు. ఈ గుణమే దాని ప్రాణమని మా నమ్మకము.

మా తండ్రిగారు మాకు ఇంటియొద్దనే చదువు చెప్పిరి. హరివంశమున కృష్ణుడు గోపికలతో ఆడిన హల్లీసకమను వలయ నృత్యమును గూర్చి చెప్పునపుడు, "మన వాకిట చూచుచున్నావు గదమ్మా" యని బతుకమ్మనే దృష్టాంతముగా చూపెడివారు. 13వ శతాబ్దమున కాకతి గణపతిదేవుని గజసేనానియగు జాయపుడు వ్రాసిన నృత్తరత్నావళి యందు రాసకము, దండరాసకము మొదలగు దేశి నృత్యములు వర్ణింపబడినవి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున వెన్నెల పదములు, తుమ్మెద పదములు అని నాటి జనుల పాటలను పేర్కొనెను. సేనానియు కవియు అంతఃపురములలో కూర్చుండి వీనిని కల్పింపలేదు. వీథులలో చూచి, విని, వ్రాసిరి.

ఈ పాటలలో సీతమ్మ కష్టము లున్నవి, అత్తవారింటికి పోవు బిడ్డకు తల్లి చెప్పు బుద్ధులున్నవి, అన్నను తలచుకొను చెల్లెలి బెంగ యున్నది. కాలము వచ్చినపుడు ఇవియే కత్తులును అయినవి. సూర్యాపేట ప్రాంతమున కరివిరాల కొత్తగూడెమున జన్మించి, 2022లో గతించిన మల్లు స్వరాజ్యముగారు తెలంగాణ సాయుధ పోరాటపు దినములలో ఈ ఉయ్యాల బాణీలలోనే జనులకు పోరాటపు పాటలు వినిపించిరి. ఉపన్యాసము విననివారు ఉయ్యాల పాట విందురు గదా!

మా అన్నగారి కుమారుడు ఇంగ్లాండున చదువుకొని వచ్చినాడు. వాడొకనాడు మా యింట సద్దులు తినుచు, "అత్తమ్మా, మీ బతుకమ్మ అచ్చముగా రేవు పార్టీ" అన్నాడు. మేము కోపపడి, అదేమో చెప్పుమంటిమి. 1980 దశకపు చివర బ్రిటనున యువకులు పాడుపడిన గిడ్డంగులలోను పొలములలోను చేరి, యంత్ర సంగీతమునకు తెల్లవారులు ఆడెడివారట. ఇప్పటికిని పలు దేశములలో అట్టి ఆటలు నిర్ణీతముగా జరుగుచుండునట. రాత్రి కొక వేషమని ముందుగా చాటుదురట. వింత టోపీలు పెట్టుకొని వచ్చిన అపరిచితులు ఒకరి కొకరు నీళ్లందించుకొందురట. మత్తు పదార్థములు చొరబడి వానికి చెడ్డపేరు తెచ్చినవి. ఆ యంశము మన మెచ్చవలసినది కాదు. 1994లో బ్రిటిషు ప్రభుత్వము వీనిని అదుపు చేయుటకు ఒక చట్టము చేసెను. అందు సంగీతమనగా నేమని నిర్వచింపవలసి వచ్చి, ఒకే తీరు దరువులు వరుసగా మ్రోగునది కూడ సంగీతముగానే యెంచబడునని వ్రాసిరట. మేము నవ్వు నాపుకొనలేకపోతిమి. ఆ లెక్కను మా అత్తమ్మగారి చప్పట్లును ఆ చట్టమునకు లోబడవలసినవే!

పాఠశాల నుండి అప్పుడే వచ్చిన మావారు విని, "మనుష్యులు గుండ్రముగా నిలిచి ఒకే తాళమునకు అడుగు వేసిన, తమ పేరు కొంతసేపు మరతురు. దాని కొరకే అక్కడివారును ఇక్కడివారును కూడుదురు" అనిరి. ఆ మాట మాకు నచ్చినది.

మావారి బదిలీల పుణ్యమున మూడూళ్ల బతుకమ్మను మేము చూచితిమి. పెండ్లియైన క్రొత్తలో కోదాడ. విజయవాడ రహదారిని మరికొంత దూరము పోయిన ఆంధ్రప్రదేశ్ వచ్చును. అందుచేత మా వీథి కోడళ్లలో జగ్గయ్యపేట వైపునుండి వచ్చినవారు పలువు రుండిరి. వారికి సంక్రాంతి గొబ్బిళ్లు తెలియును, దసరా బొమ్మల కొలువు తెలియును. బతుకమ్మ పేర్చుట తెలియదు. మొదటి యేడు ఒక కోడలు తాంబాళమున గుమ్మడి ఆకు పరచుట మరచి పూవులు పేర్వగా, ఎత్తునప్పటికి సగము జారినవి. కోడలి కన్నుల నీరు తిరిగినది. ఒక ముసలమ్మ నవ్వి, తన బతుకమ్మ నుండి రెండు వరుసల తంగేడు తీసి దానికి చుట్టి, "ఇప్పుడు ఇద్దరియి ఒక్కటే ఎత్తు" అన్నది. మూడవ యేటికి ఆ కోడలే పాట చెప్పుచుండెను. ఊరు కానిదానిని వలయము ఎట్లు తనదానిని చేసికొనునో మేము కోదాడ పెద్దచెరువు దారిని నేర్చుకొంటిమి.

తరువాత మిర్యాలగూడ. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిమ్మట ఆ ప్రాంతము వరి పొలముల మయమైనది. ఊరి చుట్టును రైసు మిల్లులు. అన్నమునకు లోటు లేదు గాని పూవులకు లోటు. తంగేడు రాళ్ల నేలను, మెట్ట చెలకలను కోరును. నీరు నిలిచిన మడిని కోరదు. గునుగు చేలలో తనంతట మొలచునది. కలుపు మందులు చల్లినచోట నది కానరాదు. కావున దూరపు మెట్ట పల్లెల నుండి స్త్రీలు మోపులు కట్టి తెచ్చి బస్టాండు నొద్ద అమ్మెడివారు. తెలంగాణమున రాష్ట్ర పుష్పమైన తంగేడును బేరమాడి కొనవలసి వచ్చినదని మేము విసుగుకొంటిమి. ఆ పూలమ్మి మాత్రము, "మా చెలకల ఏం పండకున్నా ఇది పూస్తదమ్మా, ఈ తొమ్మిదొద్దులు మాకు ఇదే పంట" అన్నది. ఆ తరువాత మేము బేరమాడలేదు.

ఆ యూరనే మా వీథి మార్వాడీ దుకాణదారుని కుమార్తెలు దాండియా కోలలు పట్టి వలయములోనికి వచ్చిరి. పెద్దవారు కొందరు ముఖము చిట్లించిరి. మేము జాయపుని దండరాసకము జ్ఞాపకము చేసికొని, కోలాటమను పేర మన తాతలును పట్టిన కోలలే గదా ఇవి యని చెప్పితిమి. శాస్త్ర ప్రమాణము విని ఎవరును మారలేదు గాని, ఆ బాలికలు రెండవ రాత్రి కోలలు పక్కన పెట్టి చప్పట్లు నేర్చుకొనగా, మూడవ రాత్రి ముసలివారే కోలలు పట్టిరి.

ఇప్పుడు సూర్యాపేట. ఇక్కడ చెరువునకే సద్దుల చెరువని పేరు. తొమ్మిదవ రాత్రి ఊరంతయు దాని కట్ట మీదనే యుండును. ఇక్కడనే మా కథ.

2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించిరి. 2016లో హైదరాబాదు లాల్‌బహాదూర్ స్టేడియమున తొమ్మిదివేలకు మించిన స్త్రీలు ఒక్కచోట ఆడి గిన్నిసు పుస్తకమున కెక్కిరి. 2025లో సరూర్‌నగర్ స్టేడియమున 63 అడుగుల బతుకమ్మను నిలిపి మరల రికార్డు సాధించిరి. దూరదర్శిని యందు చూచి మేమును సంతోషించితిమి. అయితే పండుగ పెద్దదైనకొలది ధ్వనియు పెద్దదైనది. వీథి వీథిని డి.జె. పెట్టెలు దిగినవి. ట్రాలీ ఆటో మీద మనిషి యెత్తు పెట్టెలు రెండు నిలిపి మీట నొక్కినచో, మా యింటి అలమరలోని గిన్నెలు తామే తాళము వేయును. పాటలు మంచివే, పాడినవారి గొంతులును మంచివే. కాని పెట్టె పాడుచుండగా పాట చెప్పు స్త్రీ యెందులకు? పల్లవి నందుకొనువా రెందులకు? అత్తమ్మగారికి నలువదికి మించిన పాటలు వచ్చును. ఆమె పీట వేసికొని గోడకు ఆని కూర్చుండెడిది.

క్రిందటేడు నాలుగవ రాత్రి, నానబియ్యపు బతుకమ్మనాడు, మేమును గోడ పక్కనే నిలిచి పెట్టెను తిట్టుకొనుచుంటిమి. మా ఎదుటి అరుగు మీద కుట్టుపని చేయు చెల్లెలు నిలిచియుండెను. ఆమెకు ముప్పది యేండ్లు నిండలేదు. అంతకు రెండేండ్ల క్రిందట భర్త రహదారి మీద లారీ ప్రమాదమున గతించెను. వీథి బాలికల చీరలకు అంచులు, రవికలు, ఆ రాత్రి కావలసిన ఆకుపచ్చ లంగాలు, అన్నియు ఆమె చేతి కుట్టే. పెండ్లియై వచ్చిన మొదటి యేడు ఆమె చెప్పిన పాటకు వీథి యంతయు నిలిచి విన్నది. ఆ రెండేండ్లును ఆమె అరుగు దిగలేదు. ఎవరును దిగవద్దని చెప్పలేదు. ఎవరును దిగుమనియు చెప్పలేదు.

సోదరీమణులారా, ఇది వ్రాయుటకు మాకు సిగ్గుగా నున్నది. రెండవ రాత్రి మేము పసుపు కుంకుమల పళ్లెము పట్టుకొని ఇంటింటికి పోయినపుడు ఆమె గుమ్మము కడకు వచ్చి, మా అడుగులు తామే పక్కకు తిరిగినవి. ఆమె తలుపు వెనుక నిలిచి మా గాజుల చప్పుడు విన్నదని మాకు తెలియును. గ్రంథములు చదివితిమి, హల్లీసకము తెలియును, దండరాసకము తెలియును. ఆ గుమ్మము దాటుట తెలియలేదు.

ఆ రాత్రి పదునైదేండ్ల బాలిక యొకతె, మేము తిట్టుకొనుచున్న ఆ పెట్టె పాటకే గంతులు వేయుచు, అరుగు నొద్దకు పోయి, "ఆంటీ, మీరు కుట్టిన లంగా మేమేసుకున్నం, మీరెందుకు ఆడరు?" అని అడిగి, బదులు వినక చేయి పట్టి లోనికి లాగినది. ఆ చెల్లెలు, "నేనెట్ల వస్తనే? వద్దు, వద్దు" అనుచునే వలయములో పడినది. ఎవరి అడుగు లెవరివో తెలియని ఆ గందరగోళమున ఆమెయు రెండు చుట్లు తిరిగినది. గోడ పక్క నిలిచిన పెద్దవారిలో ఒకరు, "అదేం పద్ధతి?" అనిరి. పెట్టె మీద మాకున్న కోపమును, ఈ మాటను ఒకే నోటి నుండి వచ్చుట విని మేము ఉలికిపడితిమి. పెట్టె అత్తమ్మగారిని వలయము నుండి తోసినది. మేము ఈ చెల్లెలిని తోసితిమి. మాకు పెట్టెను తిట్టు హక్కు ఎక్కడిది?

అయిదవ రాత్రి ఎవరి ముఖములును సరిగా లేవు. ఆరవ రాత్రి అలిగిన బతుకమ్మ గదా, ఆట లేదు. ఆ తీరికలో స్త్రీలందరు మా వాకిట కూడిరి. బాలికలును వచ్చిరి. పద్ధతి యని యొకరు, కాలము మారినదని యొకరు, పెట్టె తీసివేయవలెనని యొకరు, తీసినచో మేము రామని బాలికలు. గంటసేపు అందరును మాటలాడిరి, ఎవరును వినలేదు. చివరకు అత్తమ్మగారు పీట మీద నుండియే, "బతుకమ్మ అంటే ఏందే? బతుకవే అమ్మా అని. బతికున్న బిడ్డ ఆడకపోతే ఇంకెవరాడాలె?" అనెను. రంగుల పట్టికకు మండిపడు ఆమెయే ఆ మాట అనునని మేమనుకొనలేదు. ఆ పిమ్మట బాలికల వైపు తిరిగి, "మీ డబ్బా గూడ బందు వెట్టుండ్రి, నా గొంతు బతికే ఉన్నది" అన్నది.

ఒప్పందము ఇట్లు కుదిరినది. ఆట మొదలైన గంటసేపు పెట్టె మూసియుండవలెను. ఆ గంటలో పాట చెప్పువారే పాట చెప్పవలెను; బాలికలు పల్లవి నందుకొనవలెను. తరువాత వారి పెట్టె, వారి గంతులు. పెద్దవారును గోడ పక్కకు పోక వలయములోనే యుండవలెను. రాత్రి 10 గంటలకు అంతయు ఆగవలెను. ఇది మా వీథి కల్పన మాత్రమే కాదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు బయట మైకులు మ్రోగింపరాదు. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వము ఏడాదిలో 15 దినములకు మించకుండ అర్ధరాత్రి వరకు సడలింపు ఈయవచ్చును. నివాస స్థలములలో పగటి పరిమితి 55 డెసిబెల్సు, రాత్రి 45. ఇద్దరు ఎదురెదురుగ కూర్చుండి మాటలాడుకొనినచో సుమారు 60 డెసిబెల్సగును. పెట్టెల ధ్వని ఎక్కడ నుండునో మీరే యూహింపుడు. చంటిబిడ్డలును, గుండె జబ్బు వారును, పరీక్షలకు చదువువారును ఆ వీథిలోనే యున్నారు గదా!

ఏడవ రాత్రి అత్తమ్మగారు మూడు పాటలు చెప్పి దగ్గుతో ఆగినది. మరి చెప్పువారు లేరు. బాలికలు పెట్టె వైపు చూచుచున్నారు. అప్పుడు అరుగు మీది చెల్లెలు ఉన్నచోటనే నిలిచి, నేల చూచుచు, నాలుగవ పాట ఎత్తుకొన్నది. రెండవ చరణమునకు మేము పోయి ఆమె చేయి పట్టి దించితిమి. నాలుగవ రాత్రి ఆ బాలిక చేసిన పనిని మేము మూడు రాత్రులు ఆలసించి చేసితిమి. మాలో ఒక యింటి యిల్లాలు తన బతుకమ్మను ఎత్తుకొని ఇంటికి పోయెను. ఆమె యిప్పటికిని మాతో మాటలాడుట లేదు. ఆమెను తప్పు పట్టుటకు మాకు నోరు రాదు. రెండవ రాత్రి వరకు మేమును ఆమెయే.

సద్దులనాడు చెరువు కట్ట మీద ఒప్పందము నిలువలేదు. మా పెట్టె మూసియే యున్నది గాని, ఇరుపక్కల వీథులవారి పెట్టెలు పోటీగా మ్రోగినవి. పాట చెప్పు చెల్లెలి గొంతు మూడవ మనిషికి వినబడలేదు. ఆమె పెదవుల కదలిక చూచి మేము పల్లవి పలికితిమి. మా పెదవులు చూచి మా పక్కవారు. చప్పట్లు మాత్రము తప్పలేదు.

బతుకమ్మలను నీటికి వదలితిమి. వాయనములు ఇచ్చి పుచ్చుకొంటిమి, మలీద పంచితిమి. అటుపిమ్మట పసుపు గౌరమ్మను చిదిమి పుస్తెలకు రాచుకొను ఘట్టము వచ్చినది. ఆ చెల్లెలు ఎవరును చెప్పకయే రెండడుగులు వెనుకకు పోయెను. మేమందరము చేతులలో పసుపుతో నిలిచిపోతిమి. ఆమె నవ్వి, "మీరు పెట్టుకోండ్రి అక్కా, నాకు పాట చాలు" అన్నది. ఆ మాటకు అందరును ఊపిరి పీల్చుకొని పసుపు పెట్టుకొనిరి. మేమును పెట్టుకొంటిమి. ఆ పసుపు మాకు సంతోషమీయలేదు.

ఇంతకు మేము చెప్పవచ్చిన దేమన: రంగుల చీరలు వలయమును చెరుపవు. కోలలు చెరుపవు. పెట్టె కూడ, అదుపులో నున్నచో, అంతగా చెరుపదు. ఆడవలసిన దానిని గట్టు మీద నిలువబెట్టునది ఏదైనను వలయమును చెరుపును. అది ఆటో మీది యంత్రమైనను కావచ్చును, మన చేతిలోని కుంకుమ పళ్లెమైనను కావచ్చును.

కావున ఈ తొమ్మిది రాత్రులకు మూడు పనులు చేయుడని మా ప్రార్థన. మొదటిది: అమావాస్యకు ముందే, బాలికల బొడ్డెమ్మ నాటికే, మీ వీథి పెద్దవారి యొద్ద ఒక్కొక్క బాలిక మూడేసి పాటలు వ్రాసికొని కంఠస్థము చేయవలెను. రంగుల పట్టిక చేసినవారికి పాటల పట్టిక కష్టము కాదు. రెండవది: పెట్టెవానితో బేరము కుదుర్చునపుడే మొదటి గంట మౌనమని చెప్పవలెను, ఆట మొదలైన పిమ్మట చెప్పిన కలహమగును. మూడవది: ఆట మొదలగుటకు ముందు వీథి ఈ చివర నుండి ఆ చివర వరకు నడచి, ఏ అరుగు మీద ఎవరు నిలిచియున్నారో చూడవలెను.

నిన్న ఆ చెల్లెలి యింటికి రవిక గుడ్డ ఇచ్చుటకు పోయితిమి. మొదటి రాత్రికి బాలికలు కోరిన పసుపు రంగు బట్టలు మిషను పక్కన గుట్టగా నున్నవి. "నీకు ఏది కుట్టుకొనుచున్నావు?" అని యడిగితిమి. ఆమె కొంతసేపు మిషను త్రొక్కి, "పట్టిక తప్పితే ముగ్గులు పెట్టాలంట గదా అక్కా" అని, గుట్ట అడుగున నున్న పసుపు గుడ్డ యొకటి లాగి చూపినది.

ఈ యేడు సద్దులనాడు గౌరమ్మ పసుపు పళ్లెమును పట్టు వంతు మాది. పుస్తెలకే కాక, పాడిన కంఠమునకును, చప్పట్లు కొట్టిన చేతులకును ఆ పసుపు పెట్టవచ్చునని మా యభిప్రాయము. మొదట ఎవరి యెదుట నిలువవలెనో నిశ్చయించుకొన్నాము.